పెరటి చెట్టు లాంటి డేటాబేస్

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. ఏ ప్రాజెక్టు మొదలెట్టినా వైట్‌బోర్డు మీద ముందుగా ఒక డ్రమ్ము బొమ్మ గీసి, దాని కింద డేటాబేస్ అని రాస్తాం. అందులో ఏం పోస్తామో, ఎంత పోస్తామో, ఎలా తోడుకుంటామో అప్పటికి ఎవరికీ తెలీదు. డ్రమ్ము మాత్రం ఉండాల్సిందే. అది పడిపోతే ఎలాగని పక్కన ఇంకో డ్రమ్ము. ఆ రెండింటికీ తగాదా వస్తే తీర్పు చెప్పడానికి మూడోది. వాటి ముందు ఒక కాష్ సర్వరు. ఇంతా చేసి లోపల ఉండేది ఏమిటయ్యా అంటే రెండు గిగాబైట్ల డేటా. దాన్ని అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "ఈ నంబరు వివరాలు ఇవ్వు".

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. ఇలాంటి పనికి సర్వరే అక్కర్లేదు, మన ప్రోగ్రాములో కలిసిపోయే ఒక లైబ్రరీ చాలు అని నేను చాలా మీటింగుల్లో వాదించాను. కొన్నిసార్లు విన్నారు, చాలాసార్లు వినలేదు. వినని చోట తర్వాత అర్ధరాత్రి ఫోన్లు ఎవరికొచ్చాయో కూడా చూశాను. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడదామనిపించింది.

ఎంబెడెడ్ కీ-వాల్యూ డేటాబేస్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. మీరు రోజూ వాడే హాష్ మ్యాపే, కాకపోతే డిస్కు మీద ఉంటుంది, ప్రోగ్రాము ఆగిపోయినా పోదు. కీ ఇస్తే వాల్యూ ఇస్తుంది. పోర్టు లేదు, పాస్‌వర్డు లేదు, కనెక్షన్ పూల్ లేదు. మన ప్రాసెస్‌లోనే ఒక ఫంక్షన్ కాల్, అంతే.

ఇది నిన్న మొన్నటి సరుకు కూడా కాదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ డీబీఎం రాసింది 1979లో. బర్కిలీ డీబీ 1991లో వచ్చింది. గూగుల్‌లో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ రాసిన లెవెల్‌డీబీ 2011లో బయటికొచ్చింది. అదే ఏడాది హోవర్డ్ చూ ఓపెన్ఎల్‌డాప్ కోసం ఎల్ఎండీబీ మొదలెట్టాడు. ఫేస్‌బుక్ వాళ్ళు లెవెల్‌డీబీనే తీసుకుని, దాన్ని బాగా సానబెట్టి, 2013లో రాక్స్‌డీబీగా విడుదల చేశారు.

నాకు తెలీదే అనకండి, మీరు వాడే ఉంటారు. రెడ్‌హ్యాట్ మెషీన్లలో ఆర్‌పీఎం మొరాయిస్తే రీబిల్డ్ డీబీ కొట్టిన వాళ్ళందరూ బర్కిలీ డీబీకి వైద్యం చేసినవాళ్ళే. క్రోమ్ బ్రౌజర్‌లో వెబ్ అప్లికేషన్లు దాచుకునే ఇండెక్స్‌డ్ డీబీ కింద ఉన్నది లెవెల్‌డీబీ. కుబర్నెటీస్ క్లస్టరు తన సంగతులన్నీ రాసుకునేది ఈటీసీడీలో, ఆ ఈటీసీడీ కింద ఉన్నది బీబోల్ట్ అనే చిన్న ఎంబెడెడ్ డేటాబేస్. అంటే మనం గీసే పెద్ద పెద్ద డ్రమ్ముల అడుగున కూడా ఇవే ఉన్నాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

సరే, అసలు విషయానికొద్దాం. ప్రాజెక్టుల్లో ఇది ఎక్కడ పనికొస్తుంది?

మొదటిది, బ్యాచ్ జాబుల్లో లుకప్. రాత్రికి 4 కోట్ల రికార్డుల ఫైలు వస్తుంది, ఒక్కో రికార్డుకీ మాస్టర్ డేటాలోంచి ఒక వివరం తగిలించాలి అనుకుందాం. నెట్‌వర్కు మీద వెళ్ళి డేటాబేస్‌ని అడిగి రావడానికి అర మిల్లీసెకను పడుతుందనుకోండి. అర మిల్లీసెకను ఏపాటిది అనిపిస్తుంది కదా? 4 కోట్లతో గుణించండి. 20,000 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు. అదే డేటా ఆ మెషీన్లోనే, మెమరీలోకి వచ్చేసిన ఫైల్లో ఉండి, ఒక్కో లుకప్‌కి 5 మైక్రోసెకన్లు పడితే మొత్తం 200 సెకన్లు. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. థ్రెడ్లు పెంచితే సరిపోదా అంటారు. పెంచొచ్చు. అప్పుడు మన జాబు వేగంగా నడుస్తుంది, అదే డేటాబేస్ మీద ఆధారపడ్డ పక్క టీము వాళ్ళది నత్తనడక నడుస్తుంది.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, పేరెందుకులెండి, అచ్చంగా ఇదే పరిస్థితి. మాస్టర్ డేటా మారేది రోజుకొక్కసారి. జాబు మాత్రం రాత్రంతా ఆ సర్వరు తలుపు తడుతూనే ఉండేది. తెల్లారేసరికి అవ్వకపోతే సపోర్టులో ఉన్న అమ్మాయి లేచి కూర్చోవాలి. రోజుకొకసారి ఆ డేటాని ఎల్ఎండీబీ ఫైలుగా తయారుచేసి, జాబు నడిచే మెషీన్లకి కాపీ చేద్దాం అన్నాను. "మన స్టాండర్డ్ స్టాక్‌లో లేదు కదా" అన్నారు ఆర్కిటెక్ట్ గారు. "రేపు డేటా పెరిగితే?" అన్నారు. "ఎంత పెరుగుతుంది సార్?" అనడిగాను. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి ప్రయత్నించి చూడమన్నారు. మార్చిన దగ్గర్నుంచీ ఆ అమ్మాయి రాత్రుళ్ళు నిద్రపోయింది. నా వరకూ ఆ మార్పుకి దక్కిన ఫలితం అదే.

రెండోది, డూప్లికేట్లు పట్టుకోవడం. మెసేజ్ క్యూలు సాధారణంగా "కనీసం ఒక్కసారి అందిస్తాం" అని మాత్రమే హామీ ఇస్తాయి. అంటే రెండుసార్లూ అందొచ్చు. ఒకే పేమెంటు రెండుసార్లు పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చూసిన ప్రతి ఐడీనీ కీగా రాసుకుంటే, రెండోసారి వచ్చినప్పుడు పక్కన పెట్టేయొచ్చు. ఒకే ఒక్క షరతు, ఐడీ రాయడం, దాని ఫలితం రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. ఫలితం బయట ఇంకో సిస్టంలో ఉంటే మాత్రం ఈ చిట్కా ఒక్కటే చాలదు.

మూడోది, నెట్‌వర్కు నమ్మకం లేని చోట్లు. చిన్న ఊళ్ళో బిల్లింగ్ కౌంటరు, గోడౌన్‌లో స్కానరు, పొలంలో పెట్టిన సెన్సరు బాక్సు. ముందు లోకల్‌గా రాసుకుని, లైను దొరికినప్పుడు పైకి పంపాలి. ఇక్కడ మన ఊళ్ళ కరెంటు సంగతి గుర్తుంచుకోవాలి. లెవెల్‌డీబీ, రాక్స్‌డీబీలలో మామూలుగా రాసిన డేటా ఆపరేటింగ్ సిస్టం చేతికి వెళ్ళగానే "రాసేశాను" అనేస్తాయి. ప్రోగ్రాము చచ్చిపోయినా ఫర్వాలేదు గానీ, మెషీన్‌కి కరెంటు పోతే ఆఖరున రాసిన కొన్ని బిల్లులు గల్లంతు కావచ్చు. సింక్ ఆప్షన్ పెడితే డిస్కు మీదకి చేరేదాకా ఆగుతాయి. నిదానమే, కానీ డబ్బుల లెక్కయితే నిదానమే ప్రధానం. ఏ రాతకి సింక్ కావాలో, దేనికి అక్కర్లేదో డిజైన్‌లోనే రాసుకోండి.

నాలుగోది, స్ట్రీమ్ ప్రాసెసింగ్. కాఫ్కా స్ట్రీమ్స్‌లో గత గంటలో ఒక్కో కస్టమరు ఎన్ని లావాదేవీలు చేశాడో లెక్కపెట్టాలంటే ఆ లెక్కలు ఎక్కడో ఉండాలి కదా. అది తన పక్కనే రాక్స్‌డీబీలో పెట్టుకుంటుంది, మార్పుల జాబితాని కాఫ్కాలో దాచుకుంటుంది. మెషీన్ పోతే ఆ జాబితా చదివి మళ్ళీ కట్టుకుంటుంది. ఈ పద్ధతి మన సొంత ప్రోగ్రాముల్లోనూ పనికొస్తుంది. అసలు ప్రతి ఎక్కడో భద్రంగా ఉంటే, లోకల్ ఫైలు పోయినా బెంగ లేదు.

ఇక ఏది ఎంచుకోవాలి? మన షావుకార్ల పాత లెక్కల పద్ధతితో చెప్తాను. రోజంతా వచ్చిన పద్దుని వచ్చినట్టే చిట్టాలో రాసేసి, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వాళ్ళది ఎక్కించేవాళ్ళు. లెవెల్‌డీబీ, రాక్స్‌డీబీ ఆ బాపతు. రాయడం చాలా వేగం, కానీ వెనకాల ఎక్కించే పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఎల్ఎండీబీ, బీబోల్ట్ నేరుగా ఆవర్జాలోనే రాస్తాయి. చదవడం సుఖం, ఎంతమందైనా ఒకేసారి చదవొచ్చు, కానీ రాసేవాడు ఒక్కడే ఉండాలి. రాతలు ఎక్కువైతే మొదటి రకం, చదవడం ఎక్కువైతే రెండో రకం. ఇంకోటి, లెవెల్‌డీబీ ఫైళ్ళని ఒకసారికి ఒకే ప్రాసెస్ తెరవగలదు. ఒకే మెషీన్లో నాలుగు ప్రాసెస్‌లు చదవాలంటే ఎల్ఎండీబీ వైపు చూడండి.

కీ ఎలా కట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. వీటిల్లో కీలు బైట్ల వరసలో ఉంటాయి. అంకెల్ని అక్షరాలుగా రాస్తే 10 ముందొచ్చి 9 తర్వాతొస్తుంది. అందుకని ముందు సున్నాలు చేర్చి ఒకే పొడవు చెయ్యాలి. కస్టమరు నంబరు, దాని వెనక తేదీ పెట్టి కీ కడితే ఒక కస్టమరు లావాదేవీలన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఒక్క ఊపులో చదివెయ్యొచ్చు.

తెలుగు మాటల్ని కీలుగా పెట్టేవాళ్ళకి ఇంకో రెండు జాగ్రత్తలు. యూనికోడ్‌లో ళ అక్షరం ల పక్కన, ఱ అక్షరం ర పక్కన ఉన్నాయి. మన వర్ణమాలలో అవి చివర్లో కదా వచ్చేది. కాబట్టి నిఘంటువు వరస కావాలంటే బైట్ల వరస సరిపోదు. రెండోది, సాఫ్ట్‌వేర్ అనే మాటని ఒకరు మధ్యలో కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టి కొడతారు, ఇంకొకరు పెట్టకుండా కొడతారు. మనిషికి రెండూ ఒకే మాట, డేటాబేస్‌కి రెండు వేరు వేరు కీలు. రాసేముందే ఒక పద్ధతికి తెచ్చుకోవాలి. పైగా యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు మూడేసి బైట్లు. ఎల్ఎండీబీలో కీ హద్దు మామూలుగా 511 బైట్లు, అంటే అలాంటివి 170 మాత్రమే పడతాయి.

ఇంతవరకూ పొగిడాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఈ లైబ్రరీ చిన్నదే, కానీ లోపలి హద్దులు తెలీకపోతే దెబ్బ పెద్దదే. 2013 మార్చిలో బిట్‌కాయిన్‌కి అదే జరిగింది. కొత్త వెర్షన్ 0.8 లెవెల్‌డీబీకి మారింది, పాత వెర్షన్లు బర్కిలీ డీబీ మీదే ఉన్నాయి. బర్కిలీ డీబీలో తాళాల సంఖ్యకి ఒక హద్దు పెట్టి ఉంది. ఒక పెద్ద బ్లాకు వచ్చింది, కొత్తవి సరేనన్నాయి, పాతవి తాళాలు చాలక కాదన్నాయి. గొలుసు రెండుగా చీలిపోయింది. కొన్ని గంటలు తంటాలు పడి, మైనర్లని పాత వెర్షన్‌కి మళ్ళించి సర్దుకున్నారు. కాన్ఫిగరేషన్‌లో ఒక అంకె వల్ల ఇంత గొడవ.

2021 అక్టోబరులో రోబ్లాక్స్ ఆటల సైటు 73 గంటలు మూతబడింది. తర్వాత వాళ్ళు రాసిన నివేదికలో తేలిన కారణాల్లో ఒకటి, వాళ్ళు వాడే కాన్సుల్ లోపల ఉన్న బోల్ట్‌డీబీ. డేటా తుడిచేసినా ఫైలు చిన్నదవ్వదు. ఖాళీ పేజీల జాబితా పెరిగి పెరిగి 7.8 మెగాబైట్లయింది. 16 కిలోబైట్ల డేటా రాయాలన్నా ఆ జాబితా మొత్తం మళ్ళీ డిస్కు మీద రాయాల్సొచ్చింది. అందుకే ఫైలు సైజు మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచాలి.

లైసెన్సు కూడా చూసుకోండి. 2006లో బర్కిలీ డీబీని కొన్న ఒరాకిల్, 2013లో వెర్షన్ 6 నుంచి ఏజీపీఎల్ చేసింది. తమ సోర్సు బయటపెట్టడం కుదరని వాళ్ళు ఆగి ఆలోచించాల్సొచ్చింది.

మరి ఎప్పుడు వద్దు? రెండు మెషీన్లు ఒకే డేటాని ఒకేసారి మార్చాలంటే వద్దు. రిపోర్టుల వాళ్ళు రోజుకో కొత్త ప్రశ్న అడుగుతారంటే వద్దు. మీరే కూర్చుని రెండో ఇండెక్స్, మూడో ఇండెక్స్, వాటి మధ్య జాయిన్ రాస్తున్నారంటే వెంటనే ఆపెయ్యండి. అవన్నీ ఎస్‌క్యూలైట్‌లో ఎప్పుడో రాసేశారు, అది కూడా లైబ్రరీయే, సర్వరు కాదు. ఆర్‌పీఎం కూడా ఫెడోరా 33తో 2020లో అటే మారింది. అదీ చాలకపోతే పోస్ట్‌గ్రెస్ ఉండనే ఉంది. దాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు.

నేను చెప్పేది ఒక్కటే. డ్రమ్ము గీసేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. డేటా ఎంత? అడిగే ప్రశ్నలు ఎన్ని రకాలు? రాసేది ఎంతమంది? పోతే మళ్ళీ కట్టుకోగలమా? జవాబులు "కొద్దిగా, ఒకటే, ఒక్కరే, కట్టుకోగలం" అయితే సర్వరు జోలికి పోకండి.

మన దగ్గర ఈ ప్రశ్నలు అడగకపోవడానికి కారణం తెలివి లేక కాదు. పెద్ద క్లస్టరు పేరు రెజ్యూమేలో బాగుంటుంది, ప్రపోజల్‌లో ఇంకా బాగుంటుంది, లైబ్రరీ పేరు రాస్తే ఎవరూ తలెత్తి చూడరు. కానీ గీసినవాళ్ళు సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్ళిపోతారు. దానికి ప్యాచ్‌లు వేసేది, బ్యాకప్ ఆగిందని శనివారం రాత్రి లేచేది ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని కుర్రాళ్ళు. మనం పెట్టని సర్వరు పడిపోదు, దానికి ప్యాచ్ అక్కర్లేదు, దాని కోసం ఎవరి నిద్రా చెడదు. ఈసారి వైట్‌బోర్డు దగ్గర మార్కరు మీ చేతికొచ్చినప్పుడు ఆ సంగతి ఒక్కసారి తలుచుకోండి.