గుడి గోడ మీద ఆ ముఖాలు

జానెలే ముహోలి ఫోటోలు, వాటి పక్కన తాము గీసిన బొమ్మలు గుడి హాల్లో పెడతామని మా పిల్లలు అడిగారు. కమిటీ వద్దంది. నేను పెట్టాలంటాను.

ముహోలి గారు 1972లో మన డర్బన్ పక్కనే, ఉమ్లాజీలో పుట్టారు. 2006 నుంచి నల్లజాతి లెస్బియన్ల, ట్రాన్స్ వ్యక్తుల ముఖాలు ఫోటో తీస్తున్నారు. తమను 'అతను' అనీ 'ఆమె' అనీ అనవద్దంటారు. మన 'వారు' చక్కగా సరిపోయింది. తెలుగు నేర్చుకున్నందుకు మురిసిపోయాను!

వర్ణవివక్ష రోజుల్లో ఉమ్లాజీ జులూలకి, చాట్స్‌వర్త్ మనకి అని ప్రభుత్వం గీత గీసింది. "వాళ్ల సంగతి మనకెందుకు" అనడం అప్పుడే అలవాటైంది. నేనూ అన్నాను. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లల గురించీ అదే మాట. ప్రసాదం వడ్డించే ఒకరు నాతో మాత్రమే చెప్పుకున్నారు. (అబ్బాయో అమ్మాయో చెప్పను. ఇక్కడా 'వారు'.) వారికి ఆ ముఖాలు గుడిలోనే కనబడాలి. ఆదివారం మీటింగులో మళ్లీ అడుగుతాను.