మూడేళ్ల దుంప - పదకొండు నెలల కౌలు
లిల్లీ తోట వేసేముందు రకంతో పాటు నేలనూ, గడువునూ చూసుకోవాలి

విజయవాడ : దసరా మొదలు కార్తీకం వరకు, ఆపైన పెళ్లి ముహూర్తాల్లో, విజయవాడ పూల మార్కెట్టుకు ఎన్ని పూలు వచ్చినా చెల్లిపోతాయి. ఈ గిరాకీ చూసి కృష్ణకు ఇరువైపులా చిన్న రైతులు అర ఎకరమో, ఎకరమో పూల తోట వేద్దామనుకుంటారు. అయితే ఏ పువ్వు వేయాలి, అందులో ఏ రకం వేయాలి అన్న ప్రశ్నకు పక్క చేను చూసి జవాబు చెప్పుకోవడం వల్ల నష్టపోతున్నవారు ఉన్నారు.

బంతి, చామంతి ఒక కారు పంటలు. తప్పు జరిగితే ఆ కారుతో పోతుంది. కనకాంబరం రెండు మూడేళ్లు ఉంటుంది. లిల్లీ దుంప ఒకసారి నాటితే మూడేళ్లు కోయవచ్చు. మల్లె పాదు పన్నెండు నుంచి పదిహేనేళ్లు నిలుస్తుంది. అందువల్ల ఈ తోటల్లో రకం తప్పితే ఆ తప్పు ఏళ్ల తరబడి రైతు వెంట ఉంటుంది.

పేరొక్కటే, మొక్కలు వేరు

మన రైతులు లిల్లీ అనేది పుస్తకాల్లోని నేల సంపెంగ. మెక్సికో దేశం నుంచి వచ్చిన ఈ మొక్క నిజానికి కిత్తనారకు దగ్గర చుట్టం. నర్సరీలో ఉత్తి ‘లిల్లీ’ అని అడిగితే డే లిల్లీ, రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ కూడా చూపిస్తారు. అవి ఇంటి ముందు అందానికి బాగుంటాయి. డే లిల్లీ పువ్వు పేరుకు తగ్గట్టు ఒక్క రోజే ఉంటుంది. దండలకు, మార్కెట్టుకు కావలసింది నేల సంపెంగ ఒక్కటే. దుంపలు కొనేటప్పుడు ఈ తేడా గమనించాలి.

సింగిలా? డబులా?

నేల సంపెంగలో రేకులు ఒకే వరుసగా ఉంటే సింగిల్, పలు వరుసలుగా ఉంటే డబుల్. డబుల్ పువ్వు చూడ ముచ్చటగా ఉంటుంది. కాని దాన్ని కాడతో సహా కోసి, కట్టలుగా అమ్మాలి. బొకేలు, వేదికల అలంకరణ చేసేవారు దాన్ని కొంటారు. మొగ్గలన్నీ పూర్తిగా విచ్చుకోవు కనుక విడిపూలుగా అంత పనికిరాదు. సింగిల్‌కు వాసన ఎక్కువ. తెల్లవారుజామున కోసి, గంపకెత్తి, కిలోల లెక్కన అమ్మవచ్చు. పల్లె రైతుకు రోజూ డబ్బు చేతికొచ్చేది దీనితోనే.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రెండింటిలోనూ మంచి రకాలు ఇచ్చింది. సింగిల్‌లో శృంగార్, ప్రజ్వల్ పేరున్నవి. డబుల్‌లో సువాసిని, కొద్ది వరుసల రేకులతో వైభవ్ ఉన్నాయి. శృంగార్‌ను మెక్సికన్ సింగిల్‌తో కలిపి పుట్టించినది ప్రజ్వల్. దీని మొగ్గ బరువైనది. విడిపూల దిగుబడి శృంగార్ కంటే అయిదో వంతు వరకు ఎక్కువని ఆ సంస్థ లెక్క. తూకానికి అమ్మేవారికి ఇది లాభమే. అయితే శృంగార్‌కు మరో సుగుణం ఉంది. వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగును అది తట్టుకుంటుంది. కనకాంబరం ఆ పురుగుతో ఎండిపోయిన చేలో లిల్లీ వేసేవారు దిగుబడి ఒక్కటే చూస్తే చాలదు.

నీరు నిలిస్తే దుంప కుళ్లు

డెల్టాలో అసలు చిక్కు నేలది. కాలువ కింద నల్లరేగడి వరికి బంగారం. దుంపకు మాత్రం అక్కడ ప్రాణగండం. చుట్టూ వరి చేలు నీళ్లతో ఉండగా మధ్యన ఉన్న లిల్లీ మడికి ఊట తప్పదు. అందుకే పూల తోటలు మైలవరం వైపు మెరకల్లోనూ, కృష్ణ అవతల బేతపూడి, నవులూరు, ఎర్రబాలెం వంటి ఊళ్లలోనూ పేరు తెచ్చుకున్నాయి.

లంకల ఒండ్రు నేల మెత్తగా, సారవంతంగా ఉంటుంది. కాని అక్కడ వరద భయం ఉంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోయింది. 2009 అక్టోబరు వరదను కూడా అది మించింది. లంకల్లో బహు వార్షిక పంట వేసేవారు ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలలు గండమేనని లెక్కలో వేసుకోవాలి.

కౌలుదారు లెక్క వేరు

భూమి సొంతమైనవారికి ఇంతవరకు చూసుకుంటే సరిపోతుంది. కౌలు రైతు మరో లెక్క కూడా వేసుకోవాలి. 45 సెంటీమీటర్ల వరుసల్లో 20 సెంటీమీటర్లకొకటి నాటితే ఎకరానికి సుమారు 45 వేల దుంపలు పడతాయి. పెట్టుబడిలో పెద్ద భాగం మొదటి రోజే మట్టిలోకి పోతుంది. మూడు నెలలకు పూత మొదలవుతుంది. రెండు, మూడు సంవత్సరాల కోతలకు మళ్లీ దుంపల ఖర్చు ఉండదు కనుక మిగులు అక్కడే కనిపించాలి.

కౌలు మాత్రం ఏటికేడు. 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చిన కార్డుల గడువు 11 నెలలు. దానికీ భూ యజమాని సంతకం కావాలి. తోట బాగా పూసిందని తెలిసిన మరుసటి ఏడే కౌలు పెంచినా, భూమి వెనక్కు అడిగినా రైతు చేయగలిగింది తక్కువ. కౌలుదారులు బంతి, చామంతులతో సరిపెట్టుకోవడానికి ఇదే కారణం. మల్లె సంగతి చెప్పనక్కరలేదు. ఎకరానికి రెండున్నర వేల పాదులు పెట్టి, రెండేళ్లు పెంచి, ఏటా నవంబరు చివర కత్తిరింపు చేయించేది కౌలుదారైతే, ఆ తర్వాత పదేళ్ల పువ్వు యజమానిది అవుతుంది.

ఈ రెంటికీ మధ్య లిల్లీకి ఒక వెసులుబాటు ఉంది. మల్లె పాదును పెకలించి పట్టుకుపోలేరు. లిల్లీ దుంపను పట్టుకుపోవచ్చు. నాటిన దుంప చుట్టూ పిల్ల దుంపలు పుడతాయి. భూమి వదలవలసి వస్తే తవ్వి, నీడన ఆరబెట్టి, నెల రోజులు ఆగి మరోచోట నాటుకోవచ్చు, లేదా విత్తనానికి అమ్మవచ్చు. మిగిలిన రెండేళ్ల కోత నష్టమే అయినా పెట్టుబడిలో కొంత చేతికి వస్తుంది. అయితే తవ్వుకునే హక్కు ఎవరిదన్న మాట నాటే రోజునే తేల్చుకోవాలి. పెద్దల సమక్షంలో కాగితం మీద రాసుకుంటే తర్వాత తగవు ఉండదు.

కావలసింది ఇదీ

దుంపల వెంట నులిపురుగు కూడా చేను మారుతుంది. చౌకగా వస్తున్నాయని తెగులు తోట దుంపలు కొనడం కొత్త చేనును చేజేతులా పాడుచేసుకోవడమే. ఉద్యాన శాఖ, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి తెగులు లేని శృంగార్, ప్రజ్వల్ దుంపలను రైతు సేవా కేంద్రాల ద్వారా అందిస్తే ఎంతో మేలు జరుగుతుంది. నాటకముందే మట్టి పరీక్షలో నులిపురుగు సంగతి కూడా చెప్పే ఏర్పాటు ఉండాలి.

అంతకన్నా ముఖ్యం, మూడేళ్ల పంటకు మూడేళ్ల కౌలు పత్రం. వరి కోసం వేసిన గడువు కొలతను పూల తోటకు కూడా వాడుతున్నంత కాలం, ఏ రకం మంచిదని అధికారులు ఎన్ని సభల్లో చెప్పినా, కౌలు రైతు తన చేతిలోని నెలలు లెక్కపెట్టుకుని బంతి నారే కొంటాడు.