దోమను గాలిలో కాదు, నీళ్ళలో పట్టాలి

వానాకాలం సాయంత్రం మీ వీధిలోకి పొగ మిషను వస్తుంది. చెవులు గింగురుమనే చప్పుడు, వీధంతా తెల్లటి పొగ, ఆ పొగ వెంట కేకలు వేస్తూ పరుగెత్తే పిల్లలు. "హమ్మయ్య, ఈ రాత్రికి కంటినిండా నిద్రపోవచ్చు" అనుకుంటారు పెద్దవాళ్ళు. మూడోనాటికి దోమలు మళ్ళీ హాజరు! "మందులో కల్తీ ఉంది" అని కొందరు, "ఈ దోమలకు మందు అలవాటైపోయింది" అని కొందరు అంటారు. మందు సంగతి ఎలా ఉన్నా, మనం దోమను వెతుకుతున్న చోటే తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, మీరే ఆలోచించండి.

ఆ పొగలో ఉండేవి మందు కలిసిన సన్నని తుంపరలు. ఆ క్షణాన అక్కడ ఎగురుతున్న దోమకు అవి తగిలితే అది చస్తుంది. కాసేపటికి పొగ చెదిరిపోతుంది. తలుపులు మూసిన ఇంట్లో, మంచం కిందా, వేలాడే బట్టల వెనకా నక్కిన దోమకు ఆ పొగ అందదు. డెంగీని మోసే ఈడిస్ దోమ దాక్కునేది సరిగ్గా అలాంటి చోట్లే. ఇక తొట్టిలో ఈదుతున్న దోమ పిల్లలకైతే వీధిలో పొగ వచ్చిన సంగతే తెలియదు. రేపో ఎల్లుండో వాటికి రెక్కలొస్తాయి. అంతే, కథ మళ్ళీ మొదలు.

దోమ జీవితంలో నాలుగు దశలున్నాయని మీరు చదివే ఉంటారు: గుడ్డు, డింభకం, ప్యూపా, రెక్కల దోమ. మొదటి మూడూ నీళ్ళలోనే గడుస్తాయి. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దాకా వారం నుంచి పది రోజులు పడుతుంది. రెక్కలొచ్చాక దోమ ఏ మూలనైనా ఉండవచ్చు. అంతకు ముందు మాత్రం అది గిన్నెడు నీళ్ళలో ఖైదీ! పట్టుకోవలసింది అప్పుడు కదా?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. దీని వెనక మన సికిందరాబాదు కథ ఒకటుంది. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1895లో అక్కడ మలేరియా రోగుల్ని కుట్టిన దోమల్ని కోసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించడం మొదలుపెట్టాడు. రెండేళ్ళ పాటు ఫలితం లేదు. అతను కోసినవి మలేరియాను మోసే రకం దోమలు కాకపోవడమే అందుకు కారణం. చివరికి 1897 ఆగస్టులో, డింభకాల నుంచి పెంచిన మచ్చల రెక్కల దోమలు కొన్ని అతని చేతికొచ్చాయి. వాటిని హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలి కుట్టించాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి జాడ కనిపించింది. ఈ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరపడం అందుకే. ఆ తర్వాత రాస్ దోమల మీద దండు కట్టడం ఎలాగో చెబుతూ ఒక పుస్తకమే రాశాడు. అందులో అతని ముఖ్య సలహా ఏమిటో తెలుసా? మనుషుల్ని బృందాలుగా పెట్టి, ఇంటింటా నిలవ నీటిని తీసేయించమని!

రాస్ అనుభవం మరో పాఠం కూడా చెబుతుంది. దోమలన్నీ ఒకటి కావు. మలేరియాను మోసే ఎనాఫిలిస్ సాధారణంగా చెరువు అంచుల్లో, వాగుల్లో, బావుల్లో, మంచినీటి ట్యాంకుల్లో గుడ్లు పెడుతుంది. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్‌కు మురుగు కాలువే ఇల్లు. దాని దాయాదులు కొన్ని వరి మళ్ళలో పెరిగి మెదడువాపు వ్యాధిని మోస్తాయి. ఈడిస్‌కు మాత్రం మన ఇంటి శుభ్రమైన నీళ్ళే ఇష్టం: డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీ కింది పళ్ళెం, పాత టైరు, కొబ్బరి చిప్ప. "మా ఇల్లు అద్దంలా ఉంటుంది, మాకు డెంగీ ఏమిటి?" అనేవారు ఒక్కసారి కూలరు మూత తీసి చూడాలి.

మరి ఈ బెడద వానాకాలంలోనే ఎక్కువెందుకు? నీటి గుంటలు పెరగడం ఒక కారణం. రెండోది గాలిలోని తేమ. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరిగి, మరొకరికి సోకే స్థితికి రావడానికి పది పన్నెండు రోజులు కావాలి. మే నెల వడగాలికి చాలా దోమలు అంతకాలం బతకవు. తేమ ఉంటే బతుకుతాయి. కుండపోత వాన డింభకాలను కొట్టుకుపోయేలా చేస్తుంది. ఒకరోజు కురిసి నాలుగు రోజులు ఎండ కాస్తే దోమలకు పండగే. అయితే ఈడిస్ వానకోసమే ఎదురుచూడదు. ఎండాకాలం నీటి ఎద్దడికి మనం నింపిపెట్టుకునే డ్రమ్ములు దానికి చాలు.

మందులనే నమ్ముకుంటే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, ఇంటింటి గోడల మీద డి.డి.టి. చల్లారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. అది గొప్ప విజయం, కాదనను. కాని దోమలు డి.డి.టి.ని తట్టుకోవడం నేర్చాయి. మనుషుల్లో శ్రద్ధ తగ్గింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి! మందు కొంత వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో నీళ్ళ సంగతి చూసుకోవలసింది మనమే.

"ఇదంతా మున్సిపాలిటీ పని, మాకెందుకు?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మురుగు కాలువలు బాగుచేయడం, గుంటలు పూడ్చడం వాళ్ళ బాధ్యత. చేయకపోతే అడగాలి, మళ్ళీ మళ్ళీ అడగాలి. జ్వరాలు ప్రబలినప్పుడు పొగ పెట్టడానికీ కొంత ప్రయోజనం ఉంది. కాని మీ పెరట్లోని కొబ్బరి చిప్పను బోర్లించడానికి ఏ ఉద్యోగి వస్తాడు? ఈడిస్ సాధారణంగా పుట్టిన చోటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటిపోదు. కాబట్టి మిమ్మల్ని కుట్టిన ఈడిస్ దోమ ఎక్కడినుంచో వచ్చింది కాదు. అది మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో, మీ బడిలోనో పుట్టిందే!

బడి అని ఊరికే అనలేదు. ఈడిస్ పగలు కుడుతుంది. పగలు మీరుండేది బడిలోనే. సెప్టెంబరు నెల హాజరు పట్టీ తీసి, జ్వరమని రానివాళ్ళెందరో లెక్కపెట్టండి. డెంగీ వైరస్‌ను చంపే మందు ఇంతవరకూ లేదు. కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నా సూచన ఇది. ప్రతి బడిలో తరగతికొక దండు కట్టండి. ప్రతి శుక్రవారం ఒక అరగంట బడి ఆవరణంతా తిరగండి. నిలిచిన నీటిని నేల మీద పారబోయండి. తొట్టెల్ని ఖాళీ చేసి గోడల్ని పీచుతో గట్టిగా రుద్దండి. ఈడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి మరి. ఖాళీ చేయలేని ట్యాంకుకు మూత వేయించమనండి, లేదా గుడ్డ కట్టించండి. అదే పని ఇంట్లో ఆదివారం చేయండి.

వారానికొకసారే ఎందుకో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. దోమకు రెక్కలు రావడానికి వారం పైన పడుతుంది. మనం వారం దాటనివ్వకపోతే చాలు.

నా మాట నమ్మకపోతే పరీక్షించి చూడండి. డింభకాలున్న నీటిని గాజు సీసాలో పట్టి, మూతికి పల్చటి గుడ్డ బిగించి కట్టండి. నీటి మట్టానికి సమాంతరంగా పడుకున్నది ఎనాఫిలిస్. తలకిందులుగా వేలాడేది క్యూలెక్సో, ఈడిసో. రెక్కల దోమ రాకముందే ఆ నీటిని ఎండిన నేల మీద పారబోయడం మాత్రం మరవకండి. సీసాలోని ఆ పురుగుల్ని ఒక్కసారి కళ్ళారా చూసినవారు ఇక పొగ మిషను వెంట పరుగెత్తరు. ముందు తమ ఇంటి తొట్టిలోకి తొంగి చూస్తారు.