పక్కింటి మోత, ఎదురింటి కెమెరా: సబర్ ఎంతవరకు?



కోటమిట్టలో పాత ఇల్లు వదిలి మేం అపార్ట్‌మెంట్‌కు వచ్చి ఏడేళ్లయింది. ఆ ఇంట్లో సెహన్ ఉండేది, తలుపుకు పాత చీరతో కుట్టిన పర్దా ఉండేది. వీధిలో పోయేవాళ్లకు మా ఆడవాళ్ల గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. ఇప్పుడు మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు తలుపులు, మధ్యలో నాలుగడుగులు వేస్తే దాటిపోయే కారిడార్.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఎదురింటివాళ్లు వాళ్ల గుమ్మం పైన కెమెరా బిగించారు. పక్క వీధిలో దొంగతనం జరిగిందని భయపడ్డారు. వాళ్ల నియ్యత్ మీద నాకు షక్ లేదు. కానీ మా తలుపు తీస్తే హాలు మొత్తం దాని ముందు పరిచినట్టే. అమ్మీ జానమాజ్ వేసుకునే మూల, మా అమ్మాయి దుపట్టా లేకుండా పాల ప్యాకెట్ కోసం వంగే గుమ్మం, అన్నీ వాళ్ల ఫోన్లో రికార్డు. అమ్మీ ఒక్కటే మాట అన్నది: "సబర్ చెయ్ బేటీ, కిరాయి ఇంట్లో ఉన్నాం. మనకు ఈ ఇల్లు దొరకడమే ఎంత కష్టమైందో మర్చిపోయినావా?"

మర్చిపోలేదు. పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అన్న ఓనర్లు ఎందరో నాకు గుర్తే. ఇది చదివే చాలామందికి ఆ జవాబు తెలుసు. అందుకే మన ఘరానాల్లో షికాయత్ చేయడమంటే భయం. సముద్రం గాలి వచ్చే తలుపు మూసుకుని, మే నెలలో ఉడుకుతూ పదిహేను రోజులు గడిపాం. పదహారో రోజు అమ్మీకి ఉక్కపోతకు కళ్లు తిరిగాయి. ఆ రోజు నాకు అర్థమైంది, నేను చేస్తున్నది సబర్ కాదు, ఖౌఫ్.

అసలు పడోసీ హక్ గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పడోసీ గురించి జిబ్రీల్ అలైహిస్సలాం ఎంతగా తాకీదు చేశారంటే, వారసత్వంలో కూడా వాటా ఇప్పిస్తారేమో అనిపించిందని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీసు చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఇజాజత్ లేకుండా ఇతరుల ఇంట్లోకి వెళ్లొద్దన్న హుకుం సూరె నూర్‌లో ఉంది. గూఢచారితనం వద్దన్నది సూరె హుజురాత్‌లో ఉంది. ఇజాజత్ అడగాలన్న నియమం పెట్టిందే చూపు కోసమని కూడా హదీసు ఉంది. చూపుకే ఇజాజత్ కావాలంటే, రోజుకు ఇరవై నాలుగు గంటలు రెప్ప వేయని చూపు సంగతేమిటి?

ముందు మన గురించి ఒక మాట. మొహర్రంలో రొట్టెల పండగకు బారాషహీద్ దర్గాకు వచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. తమిళనాడు నుంచి మా ఫుప్పూ ఖాందాన్ వస్తే పద్దెనిమిది మంది. పిల్లలు రాత్రి పన్నెండింటికి కారిడార్లో పరుగులు, లిఫ్ట్ గేటు ధడేల్ ధడేల్. రంజాన్‌లో సహరీకి మిక్సీ వేస్తాం, మూడున్నరకు. కింద ఇంట్లో షుగర్ ఉన్న పెద్దాయన నిద్ర పట్టక లేచి కూర్చుంటాడట. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన అడగకపోవడం మనకు ఇజాజత్ కాదు. ఇప్పుడు మసాలా ఇషా తర్వాతే రుబ్బి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఈ పని చేసిన తర్వాతే పైవాళ్ల చప్పుడు గురించి మాట్లాడే హక్కు నాకు వచ్చిందని అనుకుంటాను.

ఇక కానూన్. చప్పుడుకు ఒక లెక్క ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 వరకు. ఆ వేళలో బయట లౌడ్‌స్పీకర్ కూడదు. పండగలకు ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 వరకే. ఇంట్లో పెట్టుకునే సౌండ్ సిస్టమ్ మోత కూడా ఆ ఇంటి హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ దాటకూడదు. చాలామందికి తెలియనిది ఇంకొకటి: నివాస ప్రాంతంలో రాత్రిపూట మోత చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు. పై ఫ్లాటులో రాత్రి పదకొండింటికి టైల్స్ కోస్తుంటే "వాళ్ల ఇల్లు వాళ్లిష్టం" అని ఊరుకోనక్కర్లేదు.

ఈ నియమాలు కాగితం మీదే ఉన్నాయనుకోకండి. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు హైదరాబాద్ పబ్బుల్లో రాత్రి 10 దాటాక పాటల మోత ఆపమన్నది. అదాలత్‌కు వెళ్లింది జూబ్లీహిల్స్ కాలనీవాసులే. అంతకుముందు 2000లో, మన పక్కనే ఉన్న చెన్నైలో ఒక చర్చికి, చుట్టుపక్కల కాలనీవాళ్లకు మధ్య వచ్చిన కేసులో, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మజ్‌హబ్ చెప్పదని సుప్రీంకోర్టు అన్నది. మన మస్జిద్ కమిటీలు కూడా ఆ తీర్పు చదవాలి. అజాన్ మనది, ఆంప్లిఫయర్ వాల్యూమ్ మన చేతిలోనిది. 2020లో అలహాబాద్ హైకోర్టు ఈ తేడానే చెప్పింది: అజాన్ దీన్‌లో భాగం కావచ్చు, మైకు కాదు. ఇది రాసినందుకు కొందరు నారాజ్ అవుతారు. కానివ్వండి.

అయితే ప్రతి చప్పుడూ కేసు కాదు. పిల్లల అడుగులు, కుర్చీ ఈడ్చిన చప్పుడు, పసిబిడ్డ ఏడుపు అపార్ట్‌మెంట్ జీవితంలో భాగమే. వాటికి పోలీసును పిలవడం నాకైతే షరాఫత్ అనిపించదు. చుట్టుపక్కల అందరికీ తక్లీఫ్ కలిగించే మోత ఉంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 270 ప్రకారం అది పబ్లిక్ న్యూసెన్స్. దానికి జుర్మానా వెయ్యి రూపాయల వరకే, భయపెట్టేంత శిక్షేమీ కాదు. అంతకంటే పనికొచ్చేది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152. దాని కింద ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆ మోత ఆపమని షరతుతో కూడిన ఆర్డరు ఇవ్వగలరు. తక్లీఫ్ ఒక్క మీ ఇంటికే అయితే దారి వేరు, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగాలి. రాత్రికి రాత్రి ఆగాల్సిన డీజే అయితే 112కు ఫోన్ చేయండి. మొబైల్లో డెసిబెల్ చూపించే యాప్ ఉంది కదా అంటారు. అది పక్కా గవాహీ కాదు. తేదీ, టైము రాసుకున్న నోటుబుక్కు, అదే తక్లీఫ్ పడ్డ ఇంకో ఇంటివాళ్ల సంతకం దానికంటే బరువు తూగుతాయి.

కెమెరా సంగతి వేరే. చప్పుడు చెవిని నొప్పించి పోతుంది, కెమెరా దాచుకుంటుంది. ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంటుందో, ఎవరి ఫోనుకు పోతుందో తెలియదు. అందుకే దీనిలో మొహమాటం కూడదని నా రాయ్. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచి ఏకగ్రీవంగా ప్రైవసీని మౌలిక హక్కు అన్నది. కలకత్తాలో ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల మధ్య తగాదా వచ్చింది. మిగతావాళ్ల ఇజాజత్ లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టడం ప్రైవసీని భంగపరచడమేనని హైకోర్టు చెప్పింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. సొంత తమ్ముడి ఇంటికే అది వర్తిస్తే, పడోసీ హాలుకు వర్తించదా?

కానీ అతిశయం చేయొద్దు. కారిడార్‌ను చూసే కెమెరా దానికదే నేరం కాదు. మెట్లు, లిఫ్ట్, సెల్లార్ అందరివీ. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్స్ చట్టం 1987 ప్రకారం వాటిలో ప్రతి ఓనరుకూ విడదీయరాని వాటా ఉంది. అక్కడ కెమెరా పెట్టాలా, ఎటు తిప్పాలా అన్నది అసోసియేషన్ తీర్మానం చేయాలి, ఒక్క ఫ్లాటువాళ్లు కాదు. కెమెరా బెడ్రూము వైపో బాత్రూము వెంటిలేటర్ వైపో తిరిగి ఉంటే మాత్రం మాట మారిపోతుంది. ఏకాంతంలో ఉన్న ఆడమనిషిని చూడటం, రికార్డు చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల ఖైదు. ఐటీ చట్టం 66ఇ కూడా ఉంది. అప్పుడు అసోసియేషన్ మీటింగ్ కోసం ఆగకండి, నేరుగా స్టేషన్‌కు వెళ్లండి.

అసోసియేషన్ కెమెరాల ఫుటేజీ కూడా అమానతే. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా చట్టం ఒక మనిషి తన ఇంటి అవసరానికి చేసుకునేదాన్ని వదిలేసింది. అసోసియేషన్ మనిషి కాదు కదా. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, బాధ్యతల్లో చాలావరకు పద్దెనిమిది నెలల గడువు తర్వాత అమలు. ఇప్పటినుంచే సెక్రటరీని అడగండి: ఫుటేజీ ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకు చెరిపేస్తారు, వాట్సాప్ గ్రూపులో ఎందుకు పెడుతున్నారు?

వకీల్ ఖర్చు అని వెనక్కి తగ్గే అక్కాచెల్లెళ్లకు ఒక విషయం. లీగల్ సర్వీసెస్ అథారిటీ చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. లోక్ అదాలత్‌లో సుల్హా కుదిరితే దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు.

మా విషయంలో అంతదూరం పోలేదు. మొదట ఎదురింటి ఆమెను మా ఇంటికి పిలిచి చాయ్ ఇచ్చాను. "అక్కా, మీ కెమెరాలో ఏం కనబడతాదో ఒకసారి చూపించండి" అన్నాను. ఆమె ఫోన్ తీసింది. అమ్మీ జానమాజ్ మీద కూర్చుని తస్బీహ్ తిప్పుతూ తెర మీద కనిపించింది. ఆమె మొహం మారిపోయింది. "అయ్యో, నేను ఇట్లా చూసుకోనే లేదు" అన్నది. ఆమె భర్త మాత్రం తీయనన్నాడు. అప్పుడు మా ఓనర్ సంతకంతో అసోసియేషన్‌కు లెటర్ ఇచ్చాను, ఒక కాపీ మీద సెక్రటరీ సంతకం తీసుకున్నాను. ఓనర్ ఇల్లు ఖాళీ చేయమంటాడని భయపడ్డాను. ఆయన "ముందే చెప్పుంటే బాగుండేదమ్మా" అన్నాడు. చివరకు కెమెరా తీయలేదు, లిఫ్ట్ వైపు తిప్పారు. మా గుమ్మం పడే ముక్కను సెట్టింగులో నల్లగా మూసేశారు, ప్రైవసీ మాస్క్ అంటారు దాన్ని. మైకు కూడా ఆపించాను. ఇది గుర్తుపెట్టుకోండి, చాలా కెమెరాలు మాటలు కూడా రికార్డు చేస్తాయి.

పైవాళ్ల వాషింగ్ మెషీన్ గోల మాత్రం ఇంకా తేలలేదు. రాత్రి పదకొండు దాటాకే వేస్తారు, ఆమెకు డ్యూటీ అప్పుడే అయిపోతుందట. కింద రబ్బరు షీటు వేయమని అడిగాను, ఖర్చులో సగం మేం ఇస్తామన్నాను. వచ్చే ఆదివారం జవాబు చెబుతారట.