బ్రెస్ట్ లిఫ్ట్: అడ్వాన్సు కట్టే ముందు అడగాల్సినవి

మొన్న ఓపీకి 38 ఏళ్ల గృహిణి ఒకరు వచ్చారు. "ఆపరేషన్‌కు ఫిట్‌నెస్ రాసివ్వండి సార్" అన్నారు. ఏ ఆపరేషనో చెప్పడానికి చాలాసేపు మొహమాటపడ్డారు. జారిన రొమ్ములను పైకి బిగించే బ్రెస్ట్ లిఫ్ట్. ఓ ప్రైవేటు క్లినిక్‌లో అడ్వాన్సు కూడా కట్టేశారు. షుగర్ చూస్తే హెచ్‌బీఏ1సీ 9 దాటింది. "మచ్చలు ఎక్కడ పడతాయో చెప్పారా అమ్మా?" అని అడిగాను. "మచ్చలు పడతాయా?" అని ఆమె నన్నే ఎదురు అడిగారు.

రొమ్ములు జారడం జబ్బు కాదు. రొమ్ములో కండరం ఉండదు. కొవ్వు, పాలగ్రంథులను చర్మం, సన్నని పీచు లాంటి కణజాలం పట్టి ఉంచుతాయి. వయసు, గర్భాలు, బరువు పెరిగి తగ్గడం, పొగతాగడం వల్ల ఆ పట్టు సడలుతుంది. పాలిస్తే జారిపోతాయన్నది అపోహ. గర్భంతో ఉన్నప్పుడు రొమ్ములు పెరిగి, తర్వాత తగ్గడం వల్ల వచ్చే మార్పు అది. పాలివ్వకపోయినా వస్తుంది. ఆ భయంతో పసిబిడ్డకు తల్లిపాలు మాన్పించకండి. క్రీములు, నూనెలు రొమ్మును పైకి లేపలేవు. వ్యాయామంతో గట్టిపడేది రొమ్ము కింద ఉన్న ఛాతీ కండరమే.

మాస్టోపెక్సీ అనే ఈ ఆపరేషన్‌లో అదనపు చర్మం తీసేసి, లోపలి కణజాలాన్ని సర్ది, చనుమొనను పైకి జరుపుతారు. దీనివల్ల పరిమాణం పెరగదు. జారుడును బట్టి కోత చనుమొన చుట్టూ ఉండవచ్చు, అక్కడి నుంచి నిలువుగా కిందికి రావచ్చు, రొమ్ము కింది మడతలోనూ పడవచ్చు. మచ్చలు ఏడాదిలో పలచబడతాయి గానీ పూర్తిగా పోవు. కొందరిలో స్పర్శ తగ్గవచ్చు, తర్వాత పాలివ్వడం కష్టం కావచ్చు. షుగర్ అదుపులో లేనివారికి, పొగతాగేవారికి గాయం త్వరగా మానదు, చీము పట్టే ముప్పు ఎక్కువ. ఫలితం కూడా శాశ్వతం కాదు. మళ్లీ గర్భం దాల్చినా, బరువు బాగా మారినా తిరిగి జారవచ్చు. అందుకే పిల్లలు కావాలనుకునేవారు, బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారు ఆగడం మంచిది.

చేయించుకోవాలనుకుంటే ముందు ఈ సంగతులు తేల్చుకోండి. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందా? మత్తు డాక్టరు, అత్యవసర సదుపాయాలు ఉన్నాయా? మచ్చలు ఎలా ఉంటాయో ఫొటోలు చూపిస్తారా? సరిదిద్దాల్సి వస్తే ఖర్చు ఎవరిది? అందం కోసం చేసే సర్జరీకి సాధారణంగా బీమా వర్తించదు. ముందుగా రొమ్ము పరీక్ష, 40 దాటితే మామోగ్రామ్ తప్పనిసరిగా చేయించుకోండి. గడ్డ తగిలినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, చర్మం సొట్టపడినా, ఒకవైపే ఆకారం మారినా జారుడే అనుకుని ఊరుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించాలి. రొమ్ముల బరువుతో మెడ, భుజాల నొప్పులు వస్తుంటే దానికి చేసే ఆపరేషన్ వేరు. ఆ విషయమూ సిగ్గుపడకుండా అడగండి.

ఇంట్లోవారికి ఒక మాట. భార్య శరీరం గురించి వేళాకోళమాడటం, ఆమె ఆపరేషన్ మాట ఎత్తితే కోప్పడటం రెండూ తప్పే. డాక్టరు దగ్గరికి ఆమెతో పాటు వెళ్లి, అన్నీ కలిసి వినండి.

ఫిట్‌నెస్ ఇవ్వలేనని ఆమెకు చెప్పాను. షుగర్ మందులు మార్చి, మూడు నెలల తర్వాత రమ్మన్నాను. అప్పటికీ చేయించుకోవాలనే అనుకుంటే అది ఆమె ఇష్టం. మచ్చల సంగతి మాత్రం ఇప్పుడు ఆమెకు తెలుసు.