కుంట ఒక్కనిది, గండి పడితె ఊరంతటిది

మా ఊరికి ఎగువన ఒక కుంట ఉన్నది. సర్కారు చెరువు కాదు, ఒక ఆసామి తన పట్టా భూమిల పోసుకున్న మట్టికట్ట. మొన్న వానలప్పుడు పోయి చూస్తే మత్తడి మీద రెండు వరసల ఇసుక సంచులు పేర్చి ఉన్నయి. "ఎందుకు కాకా?" అనడిగితే, "రెండడుగుల నీళ్లు ఎక్కువ ఆగుతయి బిడ్డా, చేపలు మంచిగ పెరుగుతయి" అన్నడు.

కుంట ఆయనదే, చేపలు ఆయనవే. గని కట్ట కింద వరి మళ్లు, ఇండ్లు ఆయనయి కావు గద!

మత్తడి ఉన్నదే ఎక్కువైన నీళ్లు పోయెటందుకు. దాన్ని మూస్తే నీళ్లు కట్ట మీదికెల్లి దుంకుతయి. మట్టికట్ట దానికి ఓర్వదు, కోసుకుంట పోతది. 2024 సెప్టెంబర్ల కేసముద్రం దగ్గర వరద రైలు కట్ట మట్టిని ఊడ్చుకపోతే పట్టాలు గాల్లో వేలాడినయి. అందరం ఫోన్లల్ల చూసినం.

కెన్యాల సొలాయి అనే ఊరి ఎగువన, ఒక ప్రైవేటు తోటల పటేల్ డ్యాం ఉండె. అది సుత మట్టికట్టనే. 2018 మే 9 రాత్రి తెగింది. 40 మందికి పైగా చచ్చిపోయిన్రు. దానికి లైసెన్సే లేదని అక్కడి జలవనరుల సంస్థ తర్వాత చెప్పింది. ముందుగాల అడిగినోడు లేకపాయె.

మన దగ్గర అడిగెటోళ్లు ఎవరు? 2021ల డ్యాం భద్రత చట్టం వచ్చింది. గని అది 15 మీటర్ల కంటె ఎత్తున్నయాటికి, కొన్ని షరతులతోని 10 నుంచి 15 మీటర్లయాటికి. మన కుంట కట్టలు దాని లెక్కలకే రావు. సర్కారు చెరువుకు ఒకప్పుడు నీరటి ఉండె, కట్ట మీద తిరుగుతుండె. పట్టా కుంటకు ఆ దిక్కు సుత లేదు.

అట్లని కుంటను తెంపుమంటలేను. దాని ఊటతోనే కింది బాయిలల్ల నీళ్లుంటయి. నేననేది ఒక్కటే: భూమి పట్టాదారుదైనా, కట్ట బాగోగులు ఊరు అరుసుకోవాలె. మిరుగు రాకముందే గ్రామసభల ప్రతి కుంట పేరు రాయాలె. ఇరిగేషన్ ఏఈని పిలిచి చూపెట్టాలె.

మనం పిలగాండ్లం సుత ఒక పూట కట్ట మీద నడువొచ్చు. మత్తడి ఖాళీగ ఉన్నదా? తూము పని చేస్తున్నదా? సర్కారు తుమ్మ మొలిసిందా? ఎలుక బొక్కలున్నయా? కట్ట కింద ఊట నీళ్లు తేటగున్నా కన్నేసి పెట్టాలె. బురదగ వస్తే మాత్రం లోపల మట్టి కొట్టుకపోతున్నట్టే. వెంటనే కిందోళ్లకు చెప్పాలె, సార్లకు ఫోన్ కొట్టాలె.

కాకతోని మళ్ల మాట్లాడినం. ఒక వరస సంచులు తీసిండు. ఇంకో వరస అట్లనే ఉన్నది. వచ్చే గ్రామసభల మేము అడిగేది దాని గురించే.