ఎర్రదీపం వెలిగిన పెట్టె

ప్రశ్న: మా వారు ఇంట్లో నాలుగు డిస్కుల పెట్టె పెట్టారు. పెళ్ళి ఫోటోలు, పిల్లల ఫోటోలు, ఇంటి దస్తావేజుల నకళ్ళు అన్నీ అందులోనే ఉన్నాయి. నిన్న దాని మీద ఎర్రదీపం వెలిగింది. ఒక డిస్కు పోయిందట. ఫోటోలు మాత్రం ఎప్పటిలాగే కనబడుతున్నాయి. తొందరేమీ లేదనుకోవచ్చునా? – ఒక సోదరి

జవాబు: అనుకోవద్దు, సోదరీ! ఫోటోలు కనబడటమే ఇందులోని మాయ.

ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చౌక డిస్కులు కొన్నిటిని జతచేయవచ్చునని 1988లో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు బర్క్లీ విశ్వవిద్యాలయం నుంచి ఒక వ్యాసం ప్రచురించారు. ఆ ఏర్పాటుకు వారు పెట్టిన పేరే రెయిడ్. నాలుగు డిస్కుల పెట్టెల్లో తరచు వాడేది అందులో అయిదో రకం. మీదీ అదే అనుకుని చెబుతాను.

మూడు డబ్బాలలో 7, 5, 9 రూపాయలు వేసి, నాలుగో డబ్బాలో మొత్తం 21 అని చీటీ పెట్టారనుకోండి. రెండో డబ్బా పోయినా, 21 లోంచి 7, 9 తీసివేస్తే పోయింది 5 అని తేలుతుంది. యంత్రం చేసేది సరి బేసి లెక్క. కిటుకు మాత్రం ఇదే. ఆ చీటీలను నాలుగు డిస్కుల మీదా వంతులవారీగా సర్దుతుంది. మీ ఫోటోలు కొంతవరకు ఈ లెక్క కట్టి చూపిస్తున్నవే! ఇంకొక డిస్కు పోతే ఏ లెక్కా తేలదు. గోరుచుట్టు మీద రోకటిపోటే.

కొత్త డిస్కు పెట్టగానే గండం గడవదు. పోయినదాన్ని తిరిగి రాయడానికి మిగిలిన మూడింటినీ మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఎనిమిది టెరాబైట్ల డిస్కుకు, సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నడిచినా, సుమారు 15 గంటలు. అవి కూడా అదే రోజు కొన్నవైతే వాటి వయస్సూ అంతే. ఏళ్ళ తరబడి ఎవరూ చదవని మూల చెడి ఉంటే, ఆ సంగతి ఈ పనిలోనే బయటపడుతుంది.

కనుక వరస తప్పకండి. ముందుగా, మళ్ళీ దొరకని ఫోటోలు, కాగితాలు వేరే డిస్కు మీదికి నకలు తీయండి. తరవాత కేబుల్ వదులైందేమో చూడండి. చెడిన డిస్కు సీరియల్ నంబరు సరిచూశాకే బయటికి లాగండి. పొరపాటున మంచిదాన్ని లాగిన ఇళ్ళున్నాయి. కొత్తది పాతదానికంటే చిన్నది కాకూడదు. తెర మీద ‘కొత్తగా సృష్టించమంటారా’ అని అడిగితే ఒప్పుకోవద్దు సుమండీ, ఉన్నది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ పెట్టండి. మధ్యలో రెండో డిస్కు కూడా మొరాయిస్తే, ప్రయోగాలు చేయక పెట్టె ఆపి నిపుణుడికి చూపించండి.

మరొక్క మాట. ఈ పెట్టె డిస్కు చావునే కాస్తుంది. పిల్లవాడు ఫోటో చెరిపితే అన్ని డిస్కులలోనూ చెరుగుతుంది. దొంగ ఎత్తుకుపోతే అన్నీ పోతాయి. అందుచేత ఒక నకలు మీ పుట్టింట్లో ఉంచండి.

డిస్కు రేపు కొనవచ్చు. నకలు మాత్రం ఇవాళే తీయండి.